టోర్నడో గాలి స్పీడు డాప్లర్ రాడార్‌తో ఎట్ల కొలుస్తరు: నల్లగొండలో కూసొని లాప్‌టాప్ మీద చేసుకునే పద్ధతి, మొదటి నుంచి చివరిదాకా

దేవరకొండ దిక్కు మా పెద్దనాయనకు బత్తాయి తోట ఉంది. ఒక ఏప్రిల్ సాయంత్రం గాలిదుమారం లేచి, వెంటనే రాళ్లవాన పడి, అరగంటలో నలభై చెట్లదాకా వేర్లతోటి లేపి పడేసింది. పొద్దున నేను పోయేసరికి గట్టు మీద కూసొని ఉన్నడు, నన్ను చూడంగనే అడిగిన మొదటి మాట "ఎంత స్పీడొచ్చిందిరా గాలి?" అని. ఫిజిక్స్ చదివినోన్ని, పిల్లలకు చెప్పేటోన్ని, ఆ రోజు నోట్లకెల్లి మాట రాలే. అదే రోజు వాట్సప్ గ్రూపులల్ల మాత్రం "గంటకు 200 స్పీడు, టోర్నడో వచ్చింది" అని తిరుగుతనే ఉంది. ఎవరు కొలిచిన్రు, దేంతోటి కొలిచిన్రు, భూమికి ఎంత ఎత్తుల కొలిచిన్రు, ఒక్కరు రాయలే.

అప్పటి నుంచి దీని మీద పడ్డ, మస్తు రోజులు పట్టింది. తెలుగుల ఎక్కడా ఒక్కచోట దొరకలే కాబట్టి నేను నేర్చుకున్నది మెట్టు మెట్టుగ రాస్తున్న. ఇంటర్ ఫిజిక్స్, కొంచెం ఓపిక, ఒక మామూలు లాప్‌టాప్ ఉంటే చాలు. టోర్నడో దగ్గరికి పోవాల్సిన పని అస్సలు లేదు, పోవద్దు కూడా. 2013 మే 31న అమెరికాల ఎల్ రెనో దగ్గర టోర్నడోలను వెంబడించి కొలిచే పనిలో ఏండ్ల అనుభవం ఉన్న టిమ్ సమారస్, ఆయన కొడుకు పాల్, వాళ్లతోటి పనిచేసే కార్ల్ యంగ్, ముగ్గురూ ఆ టోర్నడోలనే ప్రాణాలు పోగొట్టుకున్నరు. మన పని ఇంట్ల కూసొని డేటా చదువుడు, అంతే.

మొదలుపెట్టే ముందు: రాడార్ గాలిని చూడదు

ఇది మనసుల పెట్టుకోకుంటే తర్వాత వేసే ప్రతి లెక్కా తప్పుతది. రాడార్ పంపిన తరంగం వాన చినుక్కో, వడగండ్లకో, దుమ్ముకో, ఎగిరే రేకుకో తగిలి వాపసొస్తది. ఆ వచ్చిన దాన్ని బట్టి ఆ వస్తువు నా దిక్కు ఎంత స్పీడుగ వస్తుంది, లేకుంటే నా నుంచి ఎంత స్పీడుగ దూరం పోతుంది అన్న ఒక్క సంగతే రాడార్ చెప్తది. అడ్డంగ పోయేదాని గురించి దానికి ఏమీ తెల్వదు, సున్నా అని చూపిస్తది.

మా బీబీనగర్-నడికుడి లైన్ మీద గేటు కాడ నిలవడ్డప్పుడు రైలు హారన్ వినండి, వచ్చేటప్పుడు సన్నగ కీచుమంటది, దాటిపోంగనే గొంతు బరువైతది. 1842ల క్రిస్టియన్ డాప్లర్ చెప్పింది ఇదే సూత్రం. రాడార్ కాడ వచ్చేసరికి ఈ తేడా మస్తు చిన్నది. పది సెంటీమీటర్ల తరంగంతోటి సెకనుకు 50 మీటర్ల స్పీడున్న చినుకును కొడితే ఫ్రీక్వెన్సీల వచ్చే తేడా 1000 హెర్ట్జ్, అసలు ఫ్రీక్వెన్సీ ఏమో 300 కోట్ల హెర్ట్జ్. ముప్పై లక్షలల్ల ఒక వంతు అన్నమాట, ఒక్క పల్స్‌ల (రాడార్ ఒక్కసారి విడిచే తరంగం తునకను పల్స్ అంటరు) అంత చిన్న తేడా పట్టుడు కుదరదు. అందుకే వాతావరణ రాడార్లు ఒక పల్స్‌కు, దాని తర్వాతి పల్స్‌కు మధ్యల ఫేజ్, అంటే తరంగం తన ఎగుడుదిగుడుల ఏ చోట ఉందో అది, ఎంత జరిగిందో చూస్తయి. చినుకు జర్ర దగ్గరికి జరిగితే వాపసొచ్చే తరంగం ఆ మేరకు ముందుగ వస్తది. ఎంత జరిగింది, ఎంత టైంల జరిగింది, ఈ రెండు దొరికితే స్పీడు దొరికినట్టే.

మొదటి మెట్టు: డేటా తెచ్చుకునుడు

నేర్చుకునేటందుకు అమెరికా డేటానే తీసుకోండి, ఎందుకంటే టోర్నడోలు అక్కడ ఎక్కువ, వాళ్ల నెక్స్‌రాడ్ రాడార్ల అసలు డేటా, లెవెల్ 2 అంటరు, అది ఎవరికైనా ఉచితంగ దొరుకుతది. నేను అందరికీ చెప్పేది 2013 మే 20, ఓక్లహోమాల మూర్ టౌను మీద పడ్డ టోర్నడో. దగ్గరున్న రాడార్ పేరు కేటీఎల్ఎక్స్, టౌనుకు దాదాపు 20 కిలోమీటర్ల దూరంల ఉంటది. రాడార్‌కు గింత దగ్గర పెద్ద టోర్నడో పడుడు అరుదు, అందుకే ప్రాక్టీసుకు దీన్ని మించింది లేదు.

టైం కాడ జాగ్రత్త, ఫైళ్లన్నీ యూటీసీల, అంటే ప్రపంచమంతటికీ ఒక్కటే అయిన ప్రామాణిక టైంల, ఉంటయి. ఆ టోర్నడో 19:56 నుంచి 20:35 యూటీసీ దాకా ఉండె, మన టైం కావాలంటే ఐదున్నర గంటలు కలుపుకోవాలె, అంటే మనకు తారీకే మారి మే 21 అర్ధరాత్రి దాటినంక అయితది. మొదట్ల నేను ఇక్కడనే తప్పుచేసి ఒక రోజంతా వేరే ఫైళ్లు తిరగేసిన.

సాఫ్ట్‌వేర్ అంటే, పైథాన్ ప్రోగ్రామింగ్ వచ్చినోళ్లకు పై-ఆర్ట్ అనే ఫ్రీ లైబ్రరీ ఉంది, అమెరికాల ఆర్గాన్ ల్యాబ్ తయారుచేసింది. పైథాన్ రానోళ్లు అమెరికా వాతావరణ సంస్థ నోవా వాళ్ల వెదర్ అండ్ క్లైమేట్ టూల్‌కిట్ దించుకుంటే సరిపోతది, బొమ్మ మీద మౌస్ పెడితే నంబర్ కనిపిస్తది. స్క్రీన్‌షాట్ రంగులు చూసి మాత్రం లెక్కలు వేయకండి, నంబర్ చదివే వీలున్న ఫైల్ కావాలె.

రెండో మెట్టు: ముందు వాన బొమ్మ, తర్వాత గాలి బొమ్మ

రాడార్ ఒక్కో కోణంల పైకి ఎత్తి చుట్టూ తిరిగి చూసుడును స్కాన్ అంటరు. అన్నిట్లకన్న కింది కోణం, అంటే అర డిగ్రీ స్కాన్ తెరిచి మొదట రిఫ్లెక్టివిటీ చూడండి, వాన ఎంత గట్టిగ ఉందో చెప్పే బొమ్మ అది. పెద్ద తుఫాను మేఘానికి ఒక మూలకు కొక్కెం లెక్క వంకర తిరిగిన తోక కనపడితే అక్కడ ఆగండి. ఇప్పుడు అదే జాగల వెలాసిటీ బొమ్మకు మారండి.

నెక్స్‌రాడ్‌ల పచ్చ రంగు, మైనస్ నంబర్లు అంటే రాడార్ దిక్కు వచ్చేది, ఎర్ర రంగు, ప్లస్ నంబర్లు అంటే దూరం పోయేది. ఆ రెండూ ఒకదానికొకటి ఆనుకొని, ఒకే దూరంల పక్కపక్కన ఉండాలె. దీన్ని కప్లెట్ అంటరు, మన మాటల జంట అనుకోండి. రాడార్ కాడ నిలబడి ఆ దిక్కు చూస్తున్నట్టు ఊహించుకుంటే, ఎడమ పక్క దగ్గరికొచ్చేది, కుడి పక్క దూరం పోయేది ఉంటే అది గడియారం ముల్లుకు ఎదురు తిరుగుతున్నట్టు. ఉత్తరార్ధగోళంల టోర్నడోలు ఎక్కువ శాతం గిట్లనే తిరుగుతయి. 1973 మే 24న ఓక్లహోమాలనే యూనియన్ సిటీ టోర్నడోను నార్మన్‌లున్న పరిశోధన రాడార్‌తోటి చూసినప్పుడు, అది నేలను తాకకముందే మేఘంల పైన ఈ జంట కనిపించింది. టోర్నడో హెచ్చరికలకు డాప్లర్ పనికొస్తది అన్న నమ్మకం అక్కడ మొదలైంది.

పక్కపక్కన కాకుండ ఒకదాని వెనక ఒకటి ఉంటే, అంటే రాడార్‌కు దగ్గర పచ్చ, దాని వెనకనే అదే గీత మీద ఎరుపు ఉంటే, అది తిరుగుడు కాదు. పైకెల్లి గాలి కిందికి దూకి నాలుగు దిక్కులకు పరుచుకుంటుంది. దాన్ని డౌన్‌బర్స్ట్ అంటరు. మన నల్లగొండ, పాలమూరు దిక్కు చెట్లు, రేకులు లేపే గాలివానలల్ల ఎక్కువ భాగం ఈ రకమే, కింద మళ్లా దీని గురించి చెప్త.

మూడో మెట్టు: మడతపడ్డ నంబర్లను విప్పుడు

అసలు కష్టం ఇక్కడుంది, నూటికి తొంభై తప్పులు ఇక్కడే జరుగుతయి, కాబట్టి నిమ్మళంగ చదవండి.

ట్యూబ్‌లైట్ కింద తిరిగే ఫ్యాన్‌ను చూసిన్రా, ఒక్కోసారి ఎనక్కి తిరుగుతున్నట్టు కొడ్తది. లైటు మినుకుమినుకుమనే టైంల రెక్క ఎంత జరిగిందో కన్నుకు సరిగ తెల్వక అట్ల అనిపిస్తది. రాడార్‌కు పల్స్ అట్లాంటి లైటే. రెండు పల్స్‌ల నడుమ చినుకు తరంగ పొడవుల నాలుగో వంతు కన్న ఎక్కువ జరిగితే రాడార్‌కు అది ముందుకు పోయిందా ఎనక్కి వచ్చిందా తెల్వదు. పది సెంటీమీటర్ల తరంగం, సెకనుకు 1000 పల్స్‌లు అనుకోండి. నాలుగో వంతు అంటే రెండున్నర సెంటీమీటర్లు, సెకన్ల వెయ్యో వంతుల రెండున్నర సెంటీమీటర్లంటే సెకనుకు 25 మీటర్లు. గంటకు 90 కిలోమీటర్లు, గంతే. అంతకు మించిన స్పీడు ఏదొచ్చినా అది మడతపడి వేరే నంబర్ లెక్క కనిపిస్తది. ఈ హద్దును నైక్విస్ట్ వెలాసిటీ అంటరు.

మరి సెకనుకు ఇంకా ఎక్కువ పల్స్‌లు పంపొచ్చు కదా అంటరు. పంపొచ్చు, కానీ అప్పుడు దూరం తగ్గుతది. 1000 పల్స్‌లు పంపితే ఒక్కొక్కటి పోయి తిరిగి వచ్చేందుకు 150 కిలోమీటర్ల దాకనే టైం ఉంటది, 2000 పంపితే 75 దాకనే. స్పీడు హద్దు పెంచితే దూరం హద్దు తగ్గుతది, రెండూ ఒక్కసారే పెరగవు, ఇది ప్రకృతి పెట్టిన లెక్క. నెక్స్‌రాడ్‌ల మామూలుగ ఈ హద్దు సెకనుకు 25 నుంచి 33 మీటర్ల మధ్యల ఉంటది, ఫైల్ లోపల నైక్విస్ట్ అనే చోట రాసే ఉంటది, ముందు అది చూసి కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఇప్పుడు ఒక ఉదాహరణ, లెక్క కోసం నేను అల్లింది. హద్దు 25. టోర్నడోకు ఎడమ పక్క గాలి నిజానికి మైనస్ 35, కుడి పక్క ప్లస్ 40. రాడార్ ఏం చూపిస్తది? మైనస్ 35కు హద్దుకు రెండింతలు, అంటే 50 కలిపి ప్లస్ 15 అని చూపిస్తది. ప్లస్ 40ల నుంచి 50 తీసేసి మైనస్ 10 అని చూపిస్తది. అంటే ఎడమ పక్క ఎరుపు, కుడి పక్క పచ్చ, సుడి ఉల్టా తిరుగుతున్నట్టు, అది కూడా నీరసంగ! కొత్తగ చూసేటోళ్లు "ఇది చిన్నది, పోనీ" అని వదిలేస్తరు, అసలు ఆ బొమ్మలో గట్టి గాలి అక్కడే ఉంటది.

విప్పే పద్ధతి ఏందంటే, టోర్నడోకు దూరంగ గాలి నెమ్మదిగ ఉన్న చోట, మడతపడే అవకాశమే లేని చోట మొదలుపెట్టండి. అక్కడి నుంచి ఒక్కొక్క గడి, అంటే రాడార్ ఒక్కో నంబర్ ఇచ్చే చిన్న జాగ, దాటుకుంట లోపలికి రండి. 18, 21, 24 అని పెరుగుకుంట వచ్చి టక్కున మైనస్ 23 అయ్యిందంటే గాలి ఎనక్కి మళ్లినట్టు కాదు, హద్దు దాటినట్టు, 50 కలపండి, 27 అయితది, వరస కుదిరింది. అట్ల హద్దుకు దగ్గరగ పోయి ఎగిరిన చోటల్లా మడత ఉన్నట్టే. పై-ఆర్ట్‌ల ఈ పని చేసే రెడీమేడ్ ఫంక్షన్ ఉంది, రీజియన్ బేస్డ్ డీఏలియాసింగ్ అంటరు, నడిపించండి కానీ గుడ్డిగ నమ్మకండి. టోర్నడో దగ్గర ఒక గడికి పక్క గడికి నిజంగనే స్పీడుల సెకనుకు 70, 80 మీటర్ల తేడా ఉంటది కాబట్టి ఏది నిజం ఎగురుడు, ఏది మడత ఎగురుడు అన్నది ప్రోగ్రామ్‌కు ఒక్కోసారి అంతుపట్టదు. నేనైతే జంట చుట్టూ పది గడులు అటు, పది గడులు ఇటు ప్రింట్ తీసి పెన్సిల్‌తోటి చేత్తో విప్పుత, తర్వాత పై కోణం స్కాన్‌ల, ముందటి టైం స్కాన్‌ల అదే వరస కుదురుతుందా చూస్త. మూడింట్ల కుదిరితేనే ఆ నంబర్ తీసుకుంట. పావుగంట పని, కానీ ఈ పావుగంట దాటేస్తే మిగిలినదంతా వట్టిదే.

నాలుగో మెట్టు: అది నిజంగ టోర్నడోనా, నేల మీద ఉందా

కోరిలేషన్ కోఎఫిషియెంట్ అని ఇంకో బొమ్మ ఉంటది, ఒక గడిల ఉన్న వస్తువులన్నీ ఒక్క తీరుగ ఉన్నయా లేవా అని చెప్తది. వాన చినుకులన్నీ ఒక్క తీరు కాబట్టి ఒకటికి దగ్గరగ ఉంటది. రేకులు, చెక్కలు, ఆకులు, ఇంటి దూలాలు కలిసి తిరుగుతుంటే 0.80 కిందికి పడిపోతది. జంట ఉన్న చోటనే, వాన బొమ్మ గట్టిగ ఉన్న చోటనే ఇది పడిపోతే రాడార్ చూస్తున్నది శిథిలాలను. మూర్ ఫైల్‌ల ఇది గుండ్రంగ మచ్చ లెక్క కనిపిస్తది. మొదటిసారి చూసినప్పుడు నాకు కడుపుల తిప్పినట్టయింది, ఎందుకంటే ఆ మచ్చ జనాల ఇండ్లు.

ఇక్కడొక చిక్కు. చినుకు తేలిక, గాలితోటి సమానంగ పోతది. రేకు, కట్టె బరువు, అవి సుడిల నుంచి బయటికి విసిరేసినట్టు పోతయి, గాలి స్పీడు పూర్తిగ అందుకోవు. శిథిలాలు ఎక్కువున్న గడిల దొరికిన స్పీడు, అసలు గాలి స్పీడు ఒక్కటి కాకపోవచ్చు, ఈ మాట నోట్స్‌ల రాసి పెట్టుకోండి.

ఐదో మెట్టు: లెక్క

మడత విప్పినంక జంటలో గట్టి మైనస్ ఒకటి, గట్టి ప్లస్ ఒకటి తీసుకోండి. రెండూ రాడార్ నుంచి ఇంచుమించు ఒకే దూరంల ఉండాలె, ఒకదానికొకటి దగ్గరగ ఉండాలె. మైనస్ 38, ప్లస్ 44 వచ్చినయనుకోండి, ఇది కూడ లెక్క కోసమే.

రెండింటి నడుమ తేడా 82. దాంట్ల సగం, అంటే 41, ఇది తిరిగే స్పీడు. గంటకు కిలోమీటర్లు కావాలంటే 3.6తో గుణించాలె, దాదాపు 148. రెండింటినీ గుర్తుతోటి కలిపి సగం చేస్తే ప్లస్ 3 వస్తది, అంటే సుడి మొత్తం రాడార్ నుంచి సెకనుకు 3 మీటర్ల చొప్పున దూరం జరుగుతుంది.

కానీ సుడి అడ్డంగ కూడ జరుగుతుండొచ్చు, అది రాడార్‌కు కనపడదని ముందే అనుకున్నం. అందుకే దాని నడక స్కాన్ నుంచి స్కాన్‌కు చేత్తో కొలవాలె. ఐదు నిమిషాలల్ల జంట 4.2 కిలోమీటర్లు జరిగితే సెకనుకు 14 మీటర్లు. తిరుగుడు, నడక ఒకే దిక్కైన పక్కన రెండూ కలుస్తయి, 41కి 14 కలిపితే 55, గంటకు 198 కిలోమీటర్లు. రెండో పక్కన తీసివేత అయితది, 27. ఒకే టోర్నడోకు ఒక పక్క వాడకట్టు నేలమట్టమై ఇంకో పక్క వాడకట్టు కాస్త తక్కువ దెబ్బతోటి బయటపడేటందుకు ఒక కారణం ఇదే.

ఆరో మెట్టు: దూరం, ఎత్తు, బీమ్ వెడల్పు

పైన వచ్చిన నంబర్ ఎక్కడిది అని అడగకుండ ఎవరికీ చెప్పొద్దు. రాడార్ బీమ్ టార్చిలైటు లెక్క, దూరం పోయిన కొద్దీ విచ్చుకుంటది. ఒక డిగ్రీ బీమ్ 20 కిలోమీటర్లల్ల దాదాపు 350 మీటర్ల వెడల్పయితది, 95 కిలోమీటర్లల్ల 1.6 కిలోమీటర్లు దాటుతది. టోర్నడో 200 మీటర్లదే ఉంటే ఆ బీమ్‌ల అది ఒక మూలకు పడి ఉంటది, చుట్టూ ఉన్న నెమ్మది గాలి అంతా దాంట్ల కలిసి సగటు కిందికి వస్తది. దూరంకెల్లి చూసిన టోర్నడో ఎప్పుడూ నిజం కన్న మెత్తగనే కనిపిస్తది.

ఎత్తు కూడ అంతే. అర డిగ్రీ కోణం, దానికి తోడు భూమి వంపు, గాలిల తరంగం వంగుడు కలిపి లెక్కేస్తే 20 కిలోమీటర్లల్ల బీమ్ నడుమ భాగం రాడార్ కన్న 200 మీటర్లు పైన ఉంటది. 95 కిలోమీటర్లల్ల దాదాపు 1.35 కిలోమీటర్లు. 150 కిలోమీటర్లల్ల రెండున్నర కిలోమీటర్లు దాటిపోతది. లెక్క కావాల్నంటే, దూరాన్ని కోణం సైన్‌తో గుణించండి, దానికి దూరం వర్గాన్ని 17,000తో భాగించి వచ్చింది కలపండి, అంతా కిలోమీటర్లల్లనే. ఆ 17,000 భూమి వ్యాసార్థానికి మూడింట్ల నాలుగు వంతులు తీసుకొని రెండింతలు చేస్తే వచ్చింది.

మనిషి, ఇల్లు, చెట్టు ఉండేది నేల మీద. గాలి కొలిచే ప్రామాణిక ఎత్తు పది మీటర్లు. 200 మీటర్ల కాడ వచ్చిన 55ను పది మీటర్లకు మార్చేందుకు టోర్నడోల విషయంల అందరూ ఒప్పుకునే ఒక్క గుణకం లేదు, మామూలు గాలికి ఎత్తుతోటి స్పీడు పెరుగుతది కానీ టోర్నడోల ఒక్కోసారి నేలకు దగ్గరనే అన్నిట్లకన్న గట్టిగ ఉంటది. అందుకే నేను మార్చను, ఏ ఎత్తుల వచ్చిందో ఆ ఎత్తు పక్కన రాసి వదిలేస్త.

1999ల ఒక టోర్నడోల గాలి గంటకు 480 కిలోమీటర్లు దాటిందని ఎట్ల కొలిచిన్రు మరి

దగ్గరికి పోయి కొలిచిన్రు. 1958 జూన్ 10న కాన్సస్‌ల ఎల్ డొరాడో కాడ మూడు సెంటీమీటర్ల డాప్లర్ రాడార్‌తోటి గంటకు 206 మైళ్లు, అంటే దాదాపు 330 కిలోమీటర్లు దొరికింది, టోర్నడో గాలిని డాప్లర్‌తోటి పట్టుడు అదే మొదలు. 1991 ఏప్రిల్ 26న ఓక్లహోమాల రెడ్ రాక్ కాడ హోవార్డ్ బ్లూస్టీన్ టీం చేత్తో మోసుకపోయే రాడార్ పెట్టి సెకనుకు 120 నుంచి 125 మీటర్లు కొలిచిన్రు. తర్వాత 1995ల జాషువా వర్మన్ వాళ్లు లారీ మీద డిష్ ఎక్కించిన్రు, దానికే డాప్లర్ ఆన్ వీల్స్ అని పేరు.

లారీ మీది రాడార్ తరంగం మూడు సెంటీమీటర్లు, చిన్న డిష్‌తోటే సన్నటి బీమ్ వస్తది. మూడు కిలోమీటర్ల దూరంకెల్లి చూస్తే బీమ్ వెడల్పు 50 మీటర్లే, ఎత్తు కూడ నేలకు మస్తు దగ్గర. ఇబ్బంది ఏందంటే తరంగం చిన్నగైతే మడత తొందరగ పడ్తది, సెకనుకు 1000 పల్స్‌లకు హద్దు 7.5 మీటర్లే. కానీ వాళ్లకు దూరం అవసరం లేదు కదా, 30 కిలోమీటర్లు కనిపిస్తే చాలనుకొని 5000 పల్స్‌లు పంపితే హద్దు 37.5 అయితది. అట్లైనా ఒకటికి రెండుసార్లు మడతపడ్డ నంబర్లు విప్పుకోవాల్సిందే, మూడో మెట్టు ఎవరికీ తప్పలే.

1999 మే 3న ఓక్లహోమాల బ్రిడ్జ్ క్రీక్, మూర్ మీదికెల్లి పోయిన టోర్నడోల వర్మన్ వాళ్లకు దొరికింది గంటకు 301 మైళ్లు, ఒక 20 అటుఇటు అని కూడ చెప్పిన్రు. 484 కిలోమీటర్లు. అదే డేటాను 2021ల మళ్లా మెరుగైన పద్ధతుల్లో లెక్కేసి 321 మైళ్లు అన్నరు. నాకు వీళ్ల మీద గౌరవం పెరిగింది ఈ "20 అటుఇటు" కాడనే, ప్రపంచంల అన్నిట్లకన్న పెద్ద నంబర్ చేతిల పెట్టుకొని కూడ ఎంత తప్పు ఉండొచ్చో పక్కనే రాసిన్రు. 2024 మే 21న అయోవాల గ్రీన్‌ఫీల్డ్ కాడ కూడ 309 నుంచి 318 మైళ్ల మధ్య అని ఒక శ్రేణి ఇచ్చిన్రు కానీ ఒక్క నంబర్ ఇయ్యలే.

ఏడో మెట్టు: ఈఎఫ్ నంబర్ మీరు ఇయ్యకండి

సెకనుకు 55 మీటర్లు అంటే గంటకు 123 మైళ్లు, ఈఎఫ్ పట్టికల చూస్తే 111 నుంచి 135 దాకా ఈఎఫ్2 అని ఉంటది, చేయి దురద పెడ్తది, రాయకండి. ఈఎఫ్ స్కేల్ నష్టాన్ని చూసి గాలిని అంచనా వేసేది, పది మీటర్ల ఎత్తుల మూడు సెకన్ల గాలి దాని లెక్క. రాడార్ చూసేది ఒక క్షణం, ఒక పెద్ద గడి సగటు, వేరే ఎత్తుల. 2013 ఎల్ రెనో టోర్నడో దీనికి పెద్ద సాక్ష్యం, నాలుగు కిలోమీటర్లు దాటిన వెడల్పు, ఓక్లహోమా యూనివర్సిటీ వాళ్ల రాక్స్‌పోల్ అనే మొబైల్ రాడార్ 300 మైళ్లు దాటిన గాలి కొలిచింది, అయినా ఎక్కువగ ఖాళీ పొలాల మీదికెల్లి పోయింది కాబట్టి నష్టాన్ని బట్టి ఈఎఫ్3 అని ఇచ్చిన్రు. విరగ్గొట్టేందుకు ఏమీ లేని చోట ఎంత గాలి వచ్చిందో నష్టం చెప్పలేదు. రెండు కొలతలు రెండు వేరే ప్రశ్నలకు జవాబులు.

ఫలితం గిట్ల రాయండి: ఏ రాడార్, ఏ తారీకు, యూటీసీ టైం, కోణం అర డిగ్రీ, రాడార్ నుంచి 20 కిలోమీటర్లు, బీమ్ ఎత్తు 200 మీటర్లు, బీమ్ వెడల్పు 350 మీటర్లు, హద్దు 25, మడత చేత్తో విప్పిన, తిరుగుడు 41, నడక 14, గట్టి పక్కన కనీసం 55 మీటర్లు, శిథిలాలు ఉన్నయి. "కనీసం" అన్న మాట మర్చిపోవద్దు.

ఇగ మన దగ్గరికి వద్దాం

ఐఎండీ, అంటే భారత వాతావరణ శాఖ వెబ్‌సైట్‌ల హైదరాబాద్ రాడార్ బొమ్మలు ఎవరైనా చూడొచ్చు. పీపీఐ జెడ్ అని ఉన్నది వాన, పీపీఐ వి అని ఉన్నది స్పీడు. రంగులు అమెరికా లెక్కనే ఉంటయని అనుకోకుండ పక్కనున్న పట్టీ చదవండి. అది బొమ్మ మాత్రమే, నంబర్ ఫైల్ కాదు కాబట్టి మూడో మెట్టు పూర్తిగ చేయలేం, కానీ జంట ఉందా, మడత ఉందా అన్నది కండ్లతోటి పట్టొచ్చు. హైదరాబాద్ కాడ నిలబడి నల్లగొండ దిక్కు చూస్తే ఎడమ చేయి నకిరేకల్ దిక్కు, కుడి చేయి దేవరకొండ దిక్కు. తిరుగుడు ఉంటే నకిరేకల్ పక్క రాడార్ దిక్కు వచ్చే గాలి, దేవరకొండ పక్క దూరం పోయే గాలి ఉండాలె.

సూటిగ కొలిస్తే నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ హైదరాబాద్‌కు ఇంచుమించు 95 కిలోమీటర్లే, గద్వాల 150 దాకా. పైన లెక్క గుర్తు తెచ్చుకోండి. నల్లగొండ మీద బీమ్ దాదాపు 1.35 కిలోమీటర్ల ఎత్తుల పోతది, గద్వాల మీద రెండున్నర. డౌన్‌బర్స్ట్ గాలి గట్టిగ ఉండేది నేలకు కొన్ని వందల మీటర్ల లోపలనే, అంటే రాడార్ దాని నెత్తి మీదికెల్లి చూసి పోతది. 2024 మే 26న నాగర్‌కర్నూల్ జిల్లాల గాలివానకు కోళ్ల షెడ్డు గోడ కూలి మనుషులు పోయిన్రు, అట్లాంటి రోజున నేల మీద గాలి ఎంతో తెల్వాలంటే దూరపు రాడార్ ఒక్కటే సరిపోదు. మండలాలల్ల ఉన్న ఆటోమేటిక్ వెదర్ స్టేషన్ల గాలి రీడింగులు చూడాలె, రాడార్‌తోటి ఏ టైంకు, ఏ దిక్కుకెల్లి వచ్చిందో జోడించుకోవాలె. పాలమూరు, నల్లగొండ దిక్కు ఇంకో రాడార్ దగ్గరల ఉంటే ఎంత బాగుండు అని నాకు ప్రతి ఏప్రిల్‌ల అనిపిస్తది, నిజంగ అనిపిస్తది.

రాడార్ చూడలేని దాన్ని చెట్లు చూపిస్తయి. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి అడవిల దాదాపు 50 వేల చెట్లు పడిపోయినయని అటవీ శాఖ చెప్పింది, అది సుడిగాలా డౌన్‌బర్స్టా అని మస్తు చర్చ నడిచింది. ఇట్లాంటప్పుడు చూసేది చెట్లు పడ్డ దిక్కు. ఒక గీత దిక్కు రెండు పక్కలకెల్లి లోపలికి మొగ్గి ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగ పడితే సుడి అనుమానించాలె, అన్నీ ఒకే దిక్కు లేకుంటే విసనకర్ర లెక్క విచ్చుకొని పడితే పైకెల్లి దూకిన గాలి.

మా పెద్దనాయన తోటల నేను ఆ రోజు ఫోన్‌ల దిక్సూచి పెట్టి ముప్పై ఆరు చెట్ల దిక్కు రాసుకున్న, అన్నీ ఆగ్నేయం దిక్కు, ఒక చివర తూర్పుకు, ఇంకో చివర దక్షిణానికి జర్ర విచ్చుకొని ఉండె. రాసుకుంటుంటే ఆయన కూడ లేచి వచ్చి మిగిలిన నాలుగు చెట్లు తనే చూపించిండు. మీ దగ్గర చెట్లు పడితే జేసీబీ రాకముందే, మొద్దులు కోసి జరపకముందే పోండి, ఒక్కో చెట్టుకు వేరు దిక్కు నిలబడి కొన దిక్కు డిగ్రీలు రాసుకోండి, చెట్టు విరిగిందా వేర్లతోటి లేచిందా, మాను ఎంత లావు, ఆ జాగ లొకేషన్, గాలి మొదలైన టైం నిమిషంతో సహా. ఆ టైం ఉంటేనే రాడార్ బొమ్మల దాన్ని వెతుక్కోవచ్చు.